హెచ్చరిక స్థాయి ‘3’ దగ్గరే ఎక్కువ మరణాలెందుకు? బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌లో అవలాంచ్‌లు, మంచు పొరలు, వాలు కోణం

క్లుప్తంగా: స్కీ రిసార్టుల హద్దులు దాటి, ఎవరి పర్యవేక్షణా లేని వాలుల మీద (బ్యాక్‌కంట్రీలో) స్కీయింగ్ చేసేవారిని బలిగొనే అవలాంచ్‌లలో (వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూసుకురావడం) అత్యధిక భాగం వారి బరువు వల్లనో, వారితో ఉన్నవారి బరువు వల్లనో తెగుతున్నవే. ప్రమాదం చాలాసార్లు పైకి కనిపించే కొత్త మంచులో కాక, వారాల కిందట ఏర్పడి లోపల కప్పబడిపోయిన బలహీన పొరలో దాగి ఉంటుంది. ఐదు మెట్ల హెచ్చరిక సూచీలో మూడో మెట్టు నడిమి మెట్టులా కనిపిస్తుంది గానీ, ముప్పు ఉండి దాని ఆనవాళ్లు మాత్రం కనపడని స్థితి అదే. మంచు బలం మీద వేసే అంచనా ఎంత జాగ్రత్తగా వేసినా అసంపూర్ణమే. వాలు కోణం మాత్రం కొలిచి తెలుసుకోదగినది.

ప్రతి శీతాకాలంలోనూ ఒకే తీరు వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. రెండు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురుస్తుంది, తరువాత ఆకాశం తేటపడి ఎండ కాస్తుంది, ఆ తొలి ఎండ రోజునే కొండల్లోకి వెళ్లిన స్కీయర్లు మంచు కింద చిక్కుకుపోతారు. వారిలో చాలామంది కొత్తవారు కారు. ఏళ్ల తరబడి ఆ కొండల్లో తిరిగినవారు, శిక్షణ పొందినవారు, పరికరాలన్నీ వెంట తీసుకువెళ్లినవారు. వాతావరణం కుదుటపడ్డాక, పైగా హెచ్చరిక స్థాయి ఐదింటిలో మూడుగా మాత్రమే ఉన్నప్పుడు ఇలా ఎందుకు జరుగుతోందన్నది చదివినవారికి అంతుపట్టదు. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల్లో దీర్ఘకాలిక సగటు ప్రకారం ఏటా సుమారు 100 మంది, అమెరికాలో 25 మందికి పైగా అవలాంచ్‌లలో చనిపోతున్నారు. ఈ మరణాలు ఎలా జరుగుతాయో తెలిస్తే ఆ సందేహంలో చాలా భాగం తీరుతుంది.

ముందుగా ఒక పదం సంగతి. తెలుగు పత్రికల్లో ‘హిమపాతం’ అన్న మాట మంచు కురవడానికీ, కొండ వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూసుకురావడానికీ కూడా వాడుకలో ఉంది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది రెండోదానికి ఉన్న కారణాల్లో ఒకటి మాత్రమే. అందుకే ఇక్కడ కురవడాన్ని హిమపాతమనీ, తెగి జారడాన్ని అవలాంచ్ అనీ వేరు చేసి చెప్పడం అవసరమైంది.

పెచ్చులా ఊడే పలక

వాలు మీది మంచు ప్రధానంగా రెండు రకాలుగా కదులుతుంది. రేణువుకూ రేణువుకూ అతుకు లేని వదులు మంచు ఒక చోట మొదలై, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతూ, బోర్లించిన గరాటు ఆకారంలో జారుతుంది. స్కీయర్ కదిలించినప్పుడు ఇది సాధారణంగా అతని కాళ్ల దగ్గర మొదలై అతనికి దిగువకే పోతుంది కాబట్టి, కింద లోయో కొండ అంచో లేకపోతే ప్రాణాపాయం తక్కువ. రెండో రకం పూర్తిగా వేరు. గాలి ఒత్తిడికో, తన బరువుకో అట్టకట్టి ఒకే ముక్కలా మారిన మంచు పలక, గోడకు కొట్టిన సున్నం పెచ్చుగా ఊడినట్టు, వాలు నుంచి మొత్తంగా విడిపోతుంది. స్కీయర్ అప్పటికి ఆ పలక నడుమ నిలబడి ఉంటాడు. తెగిన గీత అతనికి ఎంతో ఎగువన ఉంటుంది. మరణాల్లో అధిక భాగానికి కారణం ఈ పలక అవలాంచ్‌లే.

పలక తెగడానికి నాలుగు అంశాలు ఒకేచోట కలవాలి: అట్టకట్టిన పలక, దాని కింద బలహీన పొర, జారడానికి తగినంత నిటారు వాలు, సమతుల్యాన్ని చెదరగొట్టే ఒక ఒత్తిడి. మొదటి మూడూ సిద్ధంగా ఉన్న చోటికి నాలుగోదాన్ని స్కీయర్ తీసుకువెళతాడు. ఇక్కడ పలక అంటే గట్టిగా, గాజులా ఉండేదని ఊహించుకోనక్కర లేదు. పిడికిలి సులువుగా దిగిపోయేంత మెత్తటి మంచు కూడా, కింది పొరకంటే తనలో తాను కాస్త ఎక్కువ అతుకుతో ఉంటే, పలకగానే ప్రవర్తిస్తుంది. స్కీయింగ్‌కు అత్యంత ఇష్టమైన పొడి మంచుకూ, ప్రాణం తీసే పలకకూ పైకి చూస్తే తేడా తెలియకపోవడానికి కారణం ఇదే.

తెగే తీరు కూడా సామాన్యంగా ఊహించుకునే దానికి భిన్నం. స్కీయర్ బరువుకు బలహీన పొరలో చిన్న మేర రేణువుల అల్లిక విరుగుతుంది. విరిగిన చోట పైపలకకు ఆధారం పోయి, అది కాస్తంత కుంగుతుంది. ఆ కుంగుబాటు పక్కనున్న భాగం మీద భారం పెంచి దాన్నీ విరగ్గొడుతుంది. అలా పగులు పలక అడుగున సెకనుకు పదుల మీటర్ల వేగంతో, కొన్నిసార్లు అంతకు మించి, అన్ని దిక్కులకూ పరుగెడుతుంది. బలహీన పొర పక్కకు జారడమే కాక నిలువునా కుప్పకూలుతుందన్న సిద్ధాంతాన్ని 2008లో శాస్త్రవేత్తలు గణితపరంగా వివరించాక, అంతవరకూ వింతగా తోచిన ఒక విషయానికి వివరణ దొరికింది. చదునైన చోట నిలబడిన మనిషి అడుగు కూడా దూరాన ఉన్న నిటారు వాలును తెంపగలదు, ఎందుకంటే పగులు మొదలవడానికి వాలు అక్కరలేదు, మంచు జారడానికే వాలు కావాలి. అలా పలక కుంగినప్పుడు వచ్చే ‘వంఫ్’ అనే బరువైన శబ్దం, స్కీల ముందు నుంచి గీతలా పాకిపోయే పగులు, పక్క వాలుల మీద అప్పుడే తెగిన అవలాంచ్‌ల ఆనవాళ్లు, ఈ మూడూ మంచు స్వయంగా ఇచ్చే అతి స్పష్టమైన హెచ్చరికలు. వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ కోవకు చెందిన నిటారు వాలులన్నీ ఆ రోజుకు వదిలేయవలసినవే.

పరిమాణం గురించి చిన్న లెక్క. పొడవూ వెడల్పూ 50 మీటర్ల చొప్పున, మందం అర మీటరు ఉన్న పలకను తీసుకుంటే దాని ఘనపరిమాణం 1,250 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 200 కిలోల చొప్పున చూసినా ఆ మంచు బరువు 250 టన్నులు. పర్వత ప్రమాణాల్లో ఇది పెద్ద అవలాంచ్ కానే కాదు.

తక్కువ మంచు, ఎక్కువ ముప్పు

బలహీన పొర ఎక్కడి నుంచి వస్తుందన్నది ఈ విషయం మొత్తంలో ఎక్కువ అపోహలకు తావిచ్చే భాగం. మంచు ఎంత ఎక్కువ ఉంటే అంత ప్రమాదమనుకోవడం సహజం. నిజానికి, సీజన్ తొలినాళ్లలో పలచగా కురిసి, ఆపై చాలా రోజులు చలి మాత్రమే ఉండి మంచు పడకపోవడం, అటు తరువాత భారీ హిమపాతానికి తగని పునాది వేస్తుంది.

మంచు కింద ఉన్న నేల శీతాకాలమంతా దాదాపు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. పైభాగం మాత్రం గాలిని బట్టి, రాత్రి ఆకాశాన్ని బట్టి బాగా చల్లబడుతుంది. ఉపరితలం మైనస్ 15 డిగ్రీలకు చేరిందనుకుందాం. మంచు మందం 2 మీటర్లైతే, ఆ తేడా మీటరుకు 7.5 డిగ్రీలుగా పంచబడుతుంది. అదే మంచు 50 సెంటీమీటర్లే ఉంటే మీటరుకు 30 డిగ్రీలవుతుంది. మీటరుకు సుమారు 10 డిగ్రీలు దాటితే మంచు రేణువుల స్వభావం మారడం మొదలవుతుందని స్థూల నియమం. వెచ్చటి అడుగు పొరల నుంచి నీటి ఆవిరి పైకి చేరుతూ, ఎదురైన రేణువుల మీద గడ్డకట్టి, వాటిని కోణాలు తేలిన స్ఫటికాలుగా మారుస్తుంది. వాటి మధ్య అతుకు ఉండదు. చేతిలోకి తీసుకుంటే ముతక పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. స్కీయర్లు దీన్ని ‘షుగర్ స్నో’ అనే పిలుస్తారు. నేలకు ఆనుకుని ఇదే మార్పు మరింత ముదిరితే గిన్నె ఆకారపు పెద్ద స్ఫటికాలు ఏర్పడతాయి, వాటికి ‘డెప్త్ హోర్’ అని పేరు. తేడా తక్కువగా ఉన్నప్పుడు జరిగేది దీనికి వ్యతిరేకం: రేణువులు గుండ్రబడి, ఒకదానికొకటి అంటుకుని, పొర బలపడుతుంది.

ఇంకో బలహీన పొర ఉపరితలం మీదే పుడుతుంది. గాలి లేని, నిర్మలమైన రాత్రి, వేడిమి ఆకాశంలోకి వెళ్లిపోయి మంచు పైభాగం చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడినప్పుడు, గాలిలోని తేమ ఈకల్లాంటి పలుచటి స్ఫటికాలుగా దాని మీద పేరుకుంటుంది. పచ్చిక మీద మంచుబిందువులు పేరుకోవడానికి ఇది చలిదేశపు రూపం అనుకోవచ్చు. ‘సర్ఫేస్ హోర్’ అని పిలిచే ఈ పొర ఉదయపు ఎండలో తళతళలాడుతూ చూడముచ్చటగా ఉంటుంది, దాని మీద స్కీయింగ్ కూడా హాయిగా సాగుతుంది. మరుసటి హిమపాతం దాన్ని చెదరగొట్టకుండా కప్పేస్తే, మందం ఒక సెంటీమీటరే ఉన్నా, నిలబెట్టిన పేకముక్కల వరసలా పైభారాన్ని మోస్తూ వారాల తరబడి లోపల ఉండిపోతుంది.

ఈ తేడాలు ప్రాంతాన్ని బట్టి స్థిరపడి ఉన్నాయి. అమెరికాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న కాస్కేడ్ పర్వతాల్లో మంచు దట్టంగా, తేమగా పడుతుంది, చలి మరీ తీవ్రం కాదు. అక్కడ ముప్పు ఎక్కువగా తుపాను వేళల్లోనే వచ్చి త్వరగా తగ్గుతుంది. ఖండం నడుమ ఉన్న కొలరాడో రాకీ పర్వతాల్లో మంచు పలచన, చలి ఎక్కువ. అక్కడ నవంబరులో పుట్టిన బలహీన పొర ఫిబ్రవరిలో ప్రాణం తీయగలదు. ఒక ప్రాంతంలో ఇరవై ఏళ్లు సంపాదించిన అనుభవం మరో ప్రాంతంలో అక్షరాలా అపాయకరం కావడానికి ఈ వాతావరణ భేదమే మూలం.

2020–21 శీతాకాలం దీనికి బలమైన ఉదాహరణ. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఆ ఏడు శరదృతువు చివర్లోనే మంచు పడింది. తరువాత పొడి వాతావరణం చాలా కాలం సాగి, నీడ వాలుల మీది ఆ పలుచటి మంచు పంచదారలా మారింది. జనవరి చివర వచ్చిన తుపానులు దాని మీద భారాన్ని పేర్చాయి. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటివారం లోపల, ఒక్క వారం వ్యవధిలో ఆ దేశంలో 15 మంది అవలాంచ్‌లకు బలయ్యారు. సీజన్ ముగిసేసరికి మృతుల సంఖ్య 37కు చేరింది, 1950 నుంచి ఉన్న లెక్కల్లో అది అత్యధికం. మహమ్మారి రోజుల్లో రిసార్టులు ఆంక్షలు పెట్టడంతో కొండల్లోకి వెళ్లిన కొత్తవారే దీనికి కారణమని అప్పట్లో విస్తృతంగా భావించారు. కానీ మృతుల్లో దీర్ఘానుభవం ఉన్నవారు అనేకులున్నారు. జనం పెరగడం ఎంతో కొంత దోహదం చేసి ఉండవచ్చు. నిర్ణాయకమైనది మాత్రం కింద ఉన్న పొర.

గాలి, వాన, ఎండ

హిమపాతం లేకున్నా వాలు మీద మంచు పెరగగలదు. గాలి శిఖరానికి ఒకవైపు నుంచి మంచును గీరుకుపోయి, రెండోవైపు మరుగున పోస్తుంది. ఇలా చేరే మంచు ఆకాశం నుంచి పడే దానికంటే ఎన్నో రెట్లు వేగంగా పోగుపడగలదు. పైగా ప్రయాణంలో రేణువుల కొమ్మలు విరిగి, పొడిలా నలిగి, పడిన చోట గట్టిగా అట్టకడుతుంది. వాతావరణ కేంద్రం 20 సెంటీమీటర్ల కొత్త మంచు పడిందని చెప్పిన రోజున, గాలి మరుగు వాలులో ఒక మీటరు చేరి ఉండటం అసాధ్యమేమీ కాదు. శిఖరరేఖ వెంట వేలాడే మంచు చూరులు, అలలు తేలిన ఉపరితలం, అడుగు వేస్తే డప్పులా బోలుగా పలికే మంచు గాలి చేసిన పనికి గుర్తులు. గాలి పలకలు సాధారణంగా కొన్ని రోజుల్లో కింది మంచుతో అతుక్కుంటాయి. బలహీన పొర వాటి కింద ఉంటే ఆ లెక్క వర్తించదు.

తడి మంచు దారి వేరు. నీరు పొరల్లోకి దిగి రేణువుల మధ్య అతుకులను కరిగించినప్పుడు బలం గంటల్లో పోతుంది. అంతవరకూ పొడిగా ఉన్న మంచు మీద పడే తొలి వాన, వసంతంలో రాత్రిళ్లు కూడా గడ్డకట్టనంత వెచ్చదనం మొదలైన తొలి రోజులు దీనికి సరైన అదను. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే చక్రం నిలకడగా సాగుతుంటే మాత్రం తెల్లవారుజామున మంచు రాయిలా ఉంటుంది, అందుకే వసంతకాలపు యాత్రలు చీకటితో మొదలై మధ్యాహ్నానికి ముందే ముగుస్తాయి. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ, ఒకప్పుడు వసంతానికే పరిమితమైన తడి అవలాంచ్‌లు నడి శీతాకాలంలోనూ కనిపించడం పెరిగే అవకాశముంది. తక్కువ ఎత్తుల్లో మంచు తగ్గడం వల్ల మొత్తం అవలాంచ్‌లు తగ్గవచ్చు గానీ, ఎత్తైన చోట్ల కూడా అలాగే తగ్గుతాయనుకోవడం తొందరపాటు. పలచటి, అంతరాయాలతో పడే మంచు ఎలాంటి పొరలకు జన్మనిస్తుందో పైన చూసిన లెక్కే చెబుతోంది.

మూడో మెట్టు చిక్కు

అవలాంచ్ ముప్పును తెలపడానికి ఐరోపా దేశాలు 1993లో ఉమ్మడిగా ఐదు మెట్ల సూచీని ఆమోదించాయి. ఉత్తర అమెరికాలోనూ ఐదు మెట్లే ఉన్నాయి. స్వల్పం, మితం, గణనీయం, అధికం, అత్యధికం అని వాటిని తెలుగులో చెప్పుకోవచ్చు. స్విట్జర్లాండ్ లెక్కల ప్రకారం శీతాకాలపు రోజుల్లో సుమారు మూడో వంతు స్థాయి 3 అమల్లో ఉంటుంది, అవలాంచ్ మరణాల్లో దాదాపు సగం ఆ స్థాయిలోనే సంభవిస్తాయి.

పరీక్షలో ఐదుకు మూడు మార్కులన్నట్టు ఈ అంకెను చదవడంలోనే పొరపాటు మొదలవుతుంది. ఈ మెట్ల మధ్య ఎత్తు సమానం కాదు. స్విస్ పర్వతారోహణ నిపుణుడు వెర్నర్ మున్టర్ 1990లలో రూపొందించిన లెక్కింపు పద్ధతిలో స్థాయి 1కి ముప్పు విలువ 2, స్థాయి 2కి 4, స్థాయి 3కి 8. అంటే ప్రతి మెట్టుకూ ముప్పు రెట్టింపవుతుంది. ఇక మాటల్లో చూస్తే, స్థాయి 3 అంటే తమంతట తాము తెగే అవలాంచ్‌లకు అవకాశం ఉందని, మనిషి బరువుకు తెగేవి బహుశా తెగుతాయని అర్థం. ‘గణనీయం’ అన్న పదం ఈ రెండో భాగపు తీవ్రతను పాఠకుడికి చేరవేయలేకపోతోందన్న విమర్శలో న్యాయం ఉంది.

స్థాయి 4, 5లతో పోలిక అసలు విషయాన్ని తేటపరుస్తుంది. 1999 ఫిబ్రవరి 23న ఆస్ట్రియాలోని గాల్ట్యూర్ గ్రామం మీద దానంతట అదే తెగిపడిన అవలాంచ్‌లో 31 మంది చనిపోయారు. వారు స్కీ వాలుల మీద కాదు, ఊళ్లో ఉన్నారు. అలాంటి రోజుల్లో రోడ్లు మూసేస్తారు, మంచు ఎదురుగా తెగిపడుతూ కనిపిస్తుంది, ఎవరూ కొండలవైపు చూడరు. ముప్పు అత్యధికం, దాని ఎదుట ఉండే స్కీయర్లు అత్యల్పం. స్థాయి 1లో స్కీయర్లు ఎక్కువ, ముప్పు తక్కువ. ఈ రెండు గీతలూ ఖండించుకునేది మూడో మెట్టు దగ్గర. మంచు తాజాగా ఉంటుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, పక్క వాలులు నిశ్చలంగా ఉంటాయి, పలక మాత్రం ఒక మనిషి బరువు కోసం ఎదురుచూస్తున్నట్టుగా నిలిచి ఉంటుంది. తుపాను వెలిసిన తొలి ఎండ రోజున జరిగే ప్రమాదాలకు వివరణ ఇక్కడే ఉంది: వాతావరణం బాగుపడినంత వేగంగా మంచు బాగుపడదు.

హెచ్చరిక పత్రంలో అంకె కంటే ఎక్కువ విలువైన సమాచారం దాని కింద ఉంటుంది. ముప్పు కొత్త మంచుదా, గాలి పలకదా, పాత బలహీన పొరదా, తడి మంచుదా, నేల మీద నుంచి మొత్తంగా జారే మంచుదా అన్నది, అది ఏ ఎత్తుకు పైన, ఏ దిక్కు వాలుల మీద ఉందన్నది అక్కడ రాస్తారు. ఒకే స్థాయి 3, గాలి పలక వల్ల వచ్చినప్పుడు జాగ్రత్తపరుడు కంటితో గుర్తించి తప్పుకోగల ముప్పు. పాత బలహీన పొర వల్ల వచ్చినప్పుడు అది కంటికి ఆనదు, పది మంది దాటిన వాలును పదకొండో మనిషి తెంపగలడు. మూడు నాలుగు రోజుల్లో సర్దుకునేది మొదటిది, వారాలు పట్టేది రెండోది. ఈ తేడా చదవకుండా అంకె మాత్రమే చూసుకుని బయలుదేరడం, మందుచీటీలో మోతాదు చదివి మందు పేరు చదవకపోవడం లాంటిది.

కొలవగలిగినది వాలు ఒక్కటే

పలక అవలాంచ్‌లు ప్రధానంగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద తెగుతాయి. 38 డిగ్రీల చుట్టుపక్కల వాటి సంఖ్య అత్యధికం. 30 లోపు వాలులు అరుదుగా తెగుతాయి, మరీ నిటారైన వాటి మీద మంచు పెద్దగా నిలవక ఎప్పటికప్పుడు రాలిపోతుంది. దురదృష్టం ఏమిటంటే, అనుభవం గల స్కీయర్లు కోరుకునే వాలు కూడా సరిగ్గా 35–40 డిగ్రీల మధ్యనే ఉంటుంది. దిక్కు విషయంలోనూ ఇదే పరిస్థితి. ఎండ తగలని నీడ వాలుల మీదే పొడి మంచు చెడకుండా ఎక్కువ రోజులు నిలుస్తుంది, బలహీన పొర కూడా చెదరకుండా అక్కడే నిలుస్తుంది. మంచి మంచును వెతుక్కుంటూ వెళ్లే మనిషి ఆ వెతుకులాటలోనే ముప్పు ఉన్న చోటికి చేరుతున్నాడు.

అయితే మంచు బలం గురించి అంచనా మాత్రమే వేయగలం. కోణాన్ని చిన్న కోణమానినితోనో, ఫోన్‌తోనో, కోణాన్ని బట్టి రంగులు వేసిన పటంతోనో ముందే తెలుసుకోవచ్చు. బలహీన పొర ఉందని తెలిసిన వారాల్లో 30 డిగ్రీలకు లోబడిన వాలులకే పరిమితమైతే, లోపలి పొరల గురించి ఎంత పొరబడినా ఆ పొరపాటు ప్రాణాంతకం కావడం అరుదు. దీనికి రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. పటంలో చదునుగా కనిపించే చోట కొన్ని మీటర్ల నిటారు మెట్టు దాగి ఉండవచ్చు. అలాగే, తాను నిలబడిన చోటు 20 డిగ్రీలే అయినా ఎగువన 38 డిగ్రీల వాలు వేలాడుతుంటే అది సురక్షితం కాదు, ఎందుకంటే అవలాంచ్ చదును నేల మీద కూడా చాలా దూరం సాగుతుంది, పగులు కింది నుంచి పైకీ పాకుతుంది.

వాలు అంతటా ఒకే బలంతో ఉండదన్నది మరో సంగతి. స్కీయర్ బరువు ప్రభావం లోతు పెరిగేకొద్దీ తగ్గుతూ, సుమారు మీటరు దాటాక బలహీన పొరను విరగ్గొట్టే శక్తి చాలావరకు కోల్పోతుంది. కనుక పలక మందంగా ఉన్న వాలు నడుమ దాటినవారికి ఏమీ కాకపోవచ్చు. రాళ్ల పక్కన, ఉబ్బెత్తు అంచున, పలక పలచబడిన చోట అడుగు వేసినవారితో వాలు మొత్తం తెగవచ్చు. ముందు వెళ్లినవారి జాడలు భద్రతకు రుజువు కాకపోవడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర లేదు. వాలు అడుగున ఇరుకు లోయ, చెట్ల గుంపు, కొండ అంచు ఉంటే చిన్న అవలాంచ్ కూడా చాలు: లోయలో మంచు లోతుగా పోగుపడుతుంది, చెట్లకు గుద్దుకున్న మనిషి ఊపిరాడక కాక గాయాలతోనే చనిపోతాడు.

గొయ్యి చెప్పేది ఎంత

మంచులో గొయ్యి తవ్వి పొరలను పరీక్షించడం శిక్షణ తరగతుల్లో ప్రధానమైన పాఠం. 30 సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని చెక్కి, దాని మీద పార ఉంచి, మణికట్టు నుంచి 10, మోచేయి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు వేసి ఏ పొర దగ్గర విరుగుతుందో చూడటం ఒక పద్ధతి. స్తంభాన్ని 90 సెంటీమీటర్ల వెడల్పున చెక్కి ఒక చివర మాత్రమే కొట్టే పద్ధతి 2000లలో వచ్చింది. పగులు మొదలవుతుందా అన్నదే కాక, రెండో చివరకు పాకుతుందా అన్నదీ అది చూపుతుంది. అసలు ముప్పు పాకడంలోనే ఉంది కనుక ఇది మెరుగైన ప్రశ్న.

కానీ గొయ్యి తవ్వినది ఒక చోట, దాటవలసింది వాలు మొత్తం. పది మీటర్ల అవతల పొర మందం మారవచ్చు. అందువల్ల ఈ పరీక్ష ఇచ్చే జవాబులు రెండూ సమానమైనవి కావు. పగులు పాకితే ఆ వాలును వదలడానికి అది చాలినంత కారణం. పాకకపోతే అది వెళ్లడానికి అనుమతి కాదు. హెచ్చరిక పత్రం వెళ్లవద్దన్న వాలుకు గొయ్యిలో అనుకూలమైన జవాబు వెతుక్కోవడం ఈ పరీక్షను తలకిందులుగా వాడటమే.

అనుభవం తప్పు నేర్పినప్పుడు

అమెరికా పరిశోధకుడు ఇయాన్ మెక్‌కామన్ 715 ప్రమాదాలను విశ్లేషించి, ముప్పు ఆనవాళ్లు ఎదుటే ఉన్నా మనుషులు ముందుకు వెళ్లేలా చేసే అలవాట్లను గుర్తించాడు. తెలిసిన చోటన్న ధీమా, అనుకున్నది పూర్తి చేయాలన్న పంతం, బృందంలో నిపుణుడిగా కనిపించే వ్యక్తి మీద భారం వేయడం, ఇతరులు వెళుతున్నారన్న ధైర్యం, ఎవరూ తొక్కని మంచు తమకే దక్కాలన్న ఆత్రుత వాటిలో కొన్ని. ఇవి తెలివితక్కువతనానికి గుర్తులు కావు. రోజువారీ జీవితంలో చక్కగా పనికివచ్చే అలవాట్లే ఇక్కడ వికటిస్తున్నాయి.

దీనికి మూలం మంచు ఇచ్చే జవాబు స్వభావంలో ఉంది. ఉదాహరణకు, ఒక స్కీయర్ తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ వాలు తెగే అవకాశం వెయ్యింటికి ఒకటి అనుకుందాం. అతడు రోజుకు మూడు వాలుల చొప్పున, ఏడాదికి 20 రోజులు, పదేళ్లు వెళ్లాడంటే మొత్తం 600 సార్లు. ఆ పదేళ్లలో కనీసం ఒక్కసారి అవలాంచ్ తెగే అవకాశం వందకు 45. అయినా వెయ్యింటిలో 999 సార్లు మంచు అతనికి ‘నీ నిర్ణయం తప్పు’ అని చెప్పదు. ప్రతిసారీ క్షేమంగా కిందికి దిగి, తన అంచనా సరైనదేనని నమ్ముతాడు. అదే అవకాశాన్ని పదివేలకు ఒకటికి తగ్గించగలిగితే పదేళ్ల లెక్క వందకు 6కు దిగుతుంది. ఈ రెండు రకాల స్కీయర్లకూ ఏ ఒక్క రోజు అనుభవంలోనూ తేడా కనిపించదు. నిర్ణయాన్ని ఫలితాన్ని బట్టి కాక, నిర్ణయం తీసుకున్నప్పుడు చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి తూచవలసిన అవసరం ఇందుకే. ఇంటి దగ్గర, మంచు ఊరింపు కళ్ల ముందు లేనప్పుడు, ఈ రోజుకు ఏ వాలులు వద్దో ముందే రాసుకునే పద్ధతికి నిపుణులు ఇస్తున్న ప్రాధాన్యం కూడా ఇందువల్లే.

పది నిమిషాలు

అవలాంచ్ ఆగిన మరుక్షణం మంచు బిగుసుకుంటుంది. లోపలి మనిషి వేలు కూడా కదపలేడు. ఆపై మరణానికి ప్రధాన కారణం చలి కాదు, ఊపిరాడకపోవడం. 1994లో ప్రచురితమైన స్విస్ లెక్కలు పూర్తిగా మంచులో కప్పబడినవారిలో బతికే అవకాశం తొలి 15 నిమిషాలు 90 శాతానికి పైగా ఉంటుందని చెప్పాయి. 2024లో వెలువడిన విస్తృత విశ్లేషణ ఆ గడువును 10 నిమిషాలకు కుదించింది. ఆ తరువాత ఇరవై నిమిషాల్లో అవకాశం 31 శాతానికి పడిపోతుందని తేల్చింది. ఇదే అధ్యయనంలో ఆశాజనకమైన అంశం కూడా ఉంది: మనిషిని బయటికి తీయడానికి పట్టే మధ్యస్థ కాలం 45 నిమిషాల నుంచి 25కు తగ్గగా, మొత్తంగా బతికి బయటపడేవారి శాతం 43.5 నుంచి 53.4కు పెరిగింది.

ఈ పది నిమిషాల్లో హెలికాప్టర్ రావడం దాదాపు అసాధ్యం కాబట్టి, రక్షణ బృందమంటే పక్కనున్న సహచరులే. ప్రపంచమంతటా 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో సంకేతాలు పంపి, అందుకునే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్ కడ్డీ, లోహపు పార ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలన్న నియమం అక్కడి నుంచే వచ్చింది. వీటిలో తక్కువ అంచనా వేసేది పారను. సంకేతం పట్టుకోవడానికి నేర్పరికి రెండు మూడు నిమిషాలు చాలవచ్చు. మీటరు లోతున ఉన్నవాడిని చేరడానికి సిమెంటులా బిగిసిన వందల కిలోల మంచును ఎత్తిపోయాలి. వీపు సంచిలో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ మనిషి పరిమాణాన్ని పెంచి, కదిలే రేణువుల రాశిలో పెద్దవి పైకి తేలే సూత్రం ఆధారంగా అతన్ని ఉపరితలానికి దగ్గరగా ఉంచుతుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, అవలాంచ్‌లలో తీవ్రంగా చిక్కినవారిలో మరణాల శాతాన్ని అది 22 నుంచి 11కు తగ్గించింది. సగం తగ్గింపు చిన్నది కాదు, అయితే మిగిలిన 11 శాతం కూడా చిన్నది కాదు. చెట్లకూ రాళ్లకూ గుద్దుకున్నప్పుడు, ఇరుకు లోయలో మంచు పైన పేరుకున్నప్పుడు ఆ సంచి చేయగలిగింది పరిమితం.

వాలు మీదికి ఒక్కొక్కరుగా వెళ్లి, తక్కినవారు సురక్షితమైన చోట నిలబడి కన్నార్పకుండా చూడాలన్న పాత నియమం ఈ లెక్కల్లో మరింత బలం పొందుతోంది. పలక మీద పడే భారం ఒక్కరిదే అవుతుంది, చిక్కుకునేది ఒక్కరే అవుతారు, చివరిసారి ఎక్కడ కనిపించాడో చూసిన కళ్లూ, తవ్వే చేతులూ పైన మిగిలి ఉంటాయి.